కారు స్టీరియోలో ఎం.పి.3 పాట: పోయిన శబ్దం తిరిగి వస్తుందా?



పోయిన సంవత్సరం మన హాస్టల్‌లో నాకంటే రెండు తరగతులు కింద చదివిన ఒక తమ్ముడి కారులో, కొల్లూరు దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కి పటాన్‌చెరు వైపు వెళుతున్నాను. అతను కంపెనీ ఉద్యోగులను షిఫ్టులకు చేరవేసే బండి నడుపుతాడు. నేను కార్లకు సెట్లు బిగించే పని చేస్తాను. ఇద్దరం కలిస్తే మాటలన్నీ హాస్టల్ గురించే. కొంత దూరం పోయాక అతను స్టీరియోకు ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, "అన్నా, ఇది విను" అన్నాడు.

అది మన హాస్టల్ 2003 వార్షికోత్సవం రాత్రి వంట పెద్దాయన పాడిన పాట. వెనకాల మన పెద్ద తరగతుల అన్నల డప్పు. గొంతు విన్న వెంటనే గుర్తుపట్టాను. ఆయన ఇప్పుడు లేరు. కానీ డప్పు మాత్రం తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు వినిపించింది. చప్పట్లు నూనెలో అప్పడం వేగినట్టున్నాయి.

"సెట్టు పాతదైంది అన్నా. పదిహేను వేలు పెట్టి మంచిది పెట్టిస్తే డప్పు సాఫ్‌గ వినిపిస్తదా?" అని అడిగాడు.

"వినిపించదు" అన్నాను.

"స్పీకర్లు కూడ మారిస్తే?"

"అయినా వినిపించదు తమ్మీ."

సెట్టు అమ్ముకుని బతికేవాడు ఇలా అంటాడేమిటని అతను నా వైపు వింతగా చూశాడు. విషయం విడమరిచి చెప్పేలోగా ముత్తంగి దగ్గర దిగే చోటు వచ్చేసింది. ఆ రోజు సగంలో ఆగిన జవాబే ఈ వ్యాసం. ఎం.పి.3 పాట అంటే ఏమిటి, కారు స్టీరియో దాన్ని ఎలా పలికిస్తుంది, ఒక్కోసారి ఎందుకు పలికించలేదు అనే విషయాలు తెలుసుకుంటే ఆ జవాబు దానంతట అదే అర్థమవుతుంది.

శబ్దం అంకెలుగా మారడం

క్యాసెట్‌లో శబ్దం అయస్కాంతపు గుర్తులుగా టేపు మీద పడుతుంది. సి.డి.లోనూ కంప్యూటర్‌లోనూ శబ్దం అంకెలుగా ఉంటుంది. ఒక సెకను శబ్దాన్ని 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల అంకెగా రాసుకుంటారు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ సార్లు కొలిస్తేనే ఆ శబ్దాన్ని మళ్లీ సరిగా పుట్టించగలం. అందుకే అన్నిసార్లు కొలవడం.

కుడి, ఎడమ స్పీకర్లు రెండూ కలిపి లెక్క వేయండి. 44,100 ను 16 తో, మళ్లీ 2 తో హెచ్చిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి అయిదు నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్లు కావాలి. మామూలు ఆడియో సి.డి.లో 74 నుంచి 80 నిమిషాల పాటలే పట్టడానికి కారణం ఇదే.

అదే పాటను సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.3 గా మారిస్తే 4.8 మెగాబైట్లు చాలు. అంటే పదకొండో వంతు. 700 మెగాబైట్ల సి.డి.లో పన్నెండు గంటలకు పైగా పాటలు పడతాయి. 2000 తర్వాత మన దగ్గర క్యాసెట్లను పక్కకు నెట్టి "ఒకే సి.డి.లో 150 పాటలు" అని బజారులో అమ్మినవి ఇవే. అట్టి సి.డి.లలో చాలా వరకు అనుమతి లేకుండా కాపీ చేసినవే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం అలా చేసి అమ్మడం నేరం. ఆ సంగతి అలా ఉంచి, మిగిలిన పది వంతులు ఎక్కడికి పోయాయన్నది అసలు ప్రశ్న.

ట్రంకు పెట్టె సర్దే రెండు పద్ధతులు

దసరా సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు మనం ట్రంకు పెట్టె ఎలా సర్దుకుంటామో గుర్తు తెచ్చుకోండి. ఒక పద్ధతి, బట్టలన్నీ చక్కగా మడతపెట్టి ఇరికించడం. ఇంటికి పోయి విప్పితే అన్నీ ఉంటాయి. రెండో పద్ధతి, "ఇది అక్కడ అవసరం రాదులే" అనుకున్న వాటిని హాస్టల్‌లోనే వదిలేయడం. పెట్టె బాగా తేలికవుతుంది. కానీ వదిలేసిన వస్తువు ఇంటి దగ్గర పెట్టె ఎన్నిసార్లు వెతికినా దొరకదు.

శబ్దాన్ని కుదించడంలోనూ ఈ రెండు పద్ధతులున్నాయి. ఫ్లాక్ అనే రకం మొదటి పద్ధతిది. మన హాజరు పట్టీలో వందమందీ వచ్చారని వంద పేర్లు రాయకుండా, రాని ముగ్గురి పేర్లు మాత్రమే రాస్తే సరిపోతుంది కదా! సమాచారం పోలేదు, రాత తగ్గింది. ఈ పద్ధతిలో ఫైలు సుమారు సగానికి తగ్గుతుంది, అంతకంటే ఎక్కువ తగ్గడం కష్టం.

ఎం.పి.3 ఈ మడత పద్ధతినీ వాడుతుంది, దానితోపాటు వదిలేసే పద్ధతినీ వాడుతుంది. అసలు పొదుపు వదిలేయడంలోనే ఉంది. మరి ఏది వదలాలో ఎలా తెలుస్తుంది? ఇక్కడే మన చెవి లోపం పనికి వస్తుంది.

గంట మోగినప్పుడు గుసగుస వినబడదు

స్టడీ అవరులో పక్కవాడు చెవిలో గుసగుసలాడుతుంటే స్పష్టంగా వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే భోజనం గంట మోగిందనుకోండి. వాడి పెదాలు కదులుతుంటాయి, మాట వినబడదు. గంట ఆగిన తర్వాత కూడా ఒక లిప్తపాటు చెవి తేరుకోదు. పెద్ద శబ్దం తన దగ్గరి స్థాయిలో ఉన్న చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. దీన్ని శబ్ద ఆచ్ఛాదన అనవచ్చు.

ఎం.పి.3 తయారుచేసే ప్రోగ్రాము పాటను చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో 1,152 కొలతలు, అంటే సెకనులో సుమారు 38వ వంతు. ప్రతి ముక్కలో ఏయే స్వరస్థాయిలో ఎంత శబ్దం ఉందో విడదీసి చూస్తుంది. పెద్ద శబ్దం కింద కప్పబడి మనకు ఎలాగూ వినిపించని వాటిని వదిలేస్తుంది, కొంత వినిపించే వాటిని ముతకగా రాస్తుంది, బాగా వినిపించే వాటికి ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది. ఇంటి ఖర్చులో మందులకు ముందు, మిఠాయికి చివర అన్నట్టు.

ఈ విద్యను జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలతో కలిసి అభివృద్ధి చేశారు. వారిలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ ముఖ్యులు. ఈ ప్రమాణం 1992 లో ఖరారై 1993 లో అచ్చయింది. ఫైలు పేరు చివర ఎం.పి.3 అని పెట్టాలని 1995 జూలై 14 న నిర్ణయించుకున్నారు. 1999 లో ఇంగ్లండులోని ఎంపెగ్ అనే చిన్న కంపెనీ హార్డ్‌డిస్కు పెట్టిన కారు ఎం.పి.3 ప్లేయరును అమ్మకానికి తెచ్చింది. 2017 ఏప్రిల్ 23 న ఫ్రాన్‌హోఫర్ తన ఎం.పి.3 లైసెన్సు కార్యక్రమాన్ని ముగించింది.

డప్పు ఎందుకు దెబ్బతింది?

బిట్లు సరిపడా ఇస్తే ఎం.పి.3 లో పోయినది మన చెవికి తెలియదు. సెకనుకు 192 కిలోబిట్లు, ఆపైన ఉంటే నడిచే కారులో అసలు సి.డి.కీ దీనికీ తేడా పట్టడం చాలా కష్టం. టైర్ల చప్పుడు, గాలి, పక్కన పోయే లారీ ఇవన్నీ కూడా శబ్దాన్ని కప్పేవే కదా.

ఫైలు మరీ చిన్నది కావాలని 32 కిలోబిట్లకు దించితే ప్రోగ్రాముకు గత్యంతరం లేదు. వినిపించనివి వదిలేశాక కూడా బరువు తగ్గకపోతే వినిపించేవి కూడా వదిలేయాలి. మొదట పోయేవి పైస్థాయి శబ్దాలు. చప్పట్ల చురుకు, "స", "శ" అక్షరాల పదును, డప్పు మీద సిర్ర తగిలిన క్షణంలో వచ్చే "టక్" అనే అంచు ఇవన్నీ అక్కడే ఉంటాయి.

డప్పుకు ఇంకో కష్టం కూడా ఉంది. దెబ్బ ముక్క మధ్యలో ఎక్కడో పడుతుంది. ముతకగా రాయడం వల్ల వచ్చే తప్పు మాత్రం ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది. దాంతో దెబ్బ పడకముందే మసక శబ్దం మొదలవుతుంది. నిశ్శబ్దంలోంచి ఠక్కున లేచే వాద్యాలు ఎం.పి.3 కి మొదటి నుంచీ కఠిన పరీక్షే. వేణువుకు, మెల్లని పాటకు ఇంత నష్టం ఉండదు.

మా తమ్ముడి పాట సంగతి ఇదే. 2009 లో ఒక దుకాణంలో ఆ క్యాసెట్‌ను ఫైలుగా మార్పించారు. ఫోను మెమరీ కార్డులో ఎక్కువ పాటలు పట్టాలని 32 కిలోబిట్లకు కుదించారు. ఆ తర్వాత క్యాసెట్ మీద ఇంట్లో ఎవరో రేడియో పాటలు రికార్డు చేసుకున్నారు. అసలు పోయింది, తేలిక పెట్టె మిగిలింది. ఆ ఫైలును ఇప్పుడు 320 కిలోబిట్లకు మార్చినా ఫైలు పెద్దదవుతుంది గానీ డప్పు రాదు. ట్రంకు పెట్టె మార్చినంత మాత్రాన హాస్టల్‌లో వదిలిన చొక్కా అందులోకి రాదు కదా!

కారు సెట్టు లోపల

కారు స్టీరియోలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. అది చేసే పనులు నాలుగు. పెన్‌డ్రైవ్ లేదా సి.డి.లోని ఫైళ్ల పట్టికను చదవడం, ఫైలును కొంచెం కొంచెంగా తన జ్ఞాపకంలో నింపుకోవడం, కుదించిన దాన్ని విప్పి మళ్లీ అంకెలుగా మార్చడం, ఆ అంకెలను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరు ద్వారా స్పీకర్లకు పంపడం.

రెండో పనిని మన నల్లా కింద కుండతో పోల్చవచ్చు. నల్లా పది నిమిషాలు వచ్చినా కుండ నిండితే రోజంతా తాగవచ్చు. 128 కిలోబిట్ల పాటకు సెకనుకు 16 కిలోబైట్లు చాలు. సి.డి. అంతకు ఎన్నో రెట్ల వేగంతో అందించగలదు. అందుకే గుంతల రోడ్డు మీద సి.డి. లెన్సు ఒక క్షణం గాడి తప్పినా, కుండలో నీళ్లున్నంతసేపు ఎం.పి.3 పాట ఆగదు.

పాట పలకకపోతే ఏం చూడాలి?

నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలా వాటికి సెట్టు చెడిపోయి ఉండదు. కింది విషయాలు మీరే చూసుకోవచ్చు.

1. పెన్‌డ్రైవ్ ఫార్మాట్: పాత సెట్లు ఫ్యాట్32 పద్ధతిలో రాసిన పట్టికనే చదవగలవు. ఎక్స్‌ఫ్యాట్, ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతులు చాలా వాటికి తెలియవు. 32 జి.బి. దాటిన మెమరీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. "ఫైల్ లేదు" అని చూపిస్తే మొదటి అనుమానం దీనిమీదే. ఫార్మాట్ మారిస్తే అందులోని పాటలన్నీ చెరిగిపోతాయి. ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి.

2. ఫైలు రకం: పేరు చివర మార్చినంత మాత్రాన రకం మారదు. ఎం.4.ఎ., డబ్ల్యు.ఎం.ఎ., ఫ్లాక్ రకాలను కొన్ని సెట్లు చదువుతాయి, కొన్ని చదవవు. ఎం.పి.3 ని దాదాపు అన్నీ చదువుతాయి.

3. సి.డి. రాసే తీరు: ఎం.పి.3 ఫైళ్లను "డేటా సి.డి."గా రాయాలి. చివర సి.డి.ని ముగించే ఆజ్ఞ ఇవ్వడం మరచిపోతే కంప్యూటరులో పలుకుతుంది, కారులో పలకదు.

4. పాటల వరుస: కొన్ని సెట్లు పేర్ల వరుసలో కాక, ఫైళ్లు ఎక్కించిన వరుసలో పలికిస్తాయి. మరికొన్ని అక్షరాలను బట్టి పోతాయి, వాటికి 1 తర్వాత 10 వస్తుంది, 2 కాదు. కాబట్టి 01, 02, 03 అని పేరు ముందు పెట్టి, అదే వరుసలో ఎక్కించండి.

5. తెలుగు పేర్ల బదులు డబ్బాలు: సెట్టులో తెలుగు అక్షరాలు లేకపోతే డబ్బాలో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. అది ఫైలు దోషం కాదు. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే సరి.

6. తప్పు నిమిషాలు: శబ్దాన్ని బట్టి బిట్లు పెరిగి తగ్గే రకం ఫైళ్లలో పాట నిడివిని పాత సెట్లు తప్పుగా చూపిస్తాయి. పాటకేమీ కాదు.

7. ప్రతిసారీ మొదటి పాట: బండి ఆపి తీసిన ప్రతిసారీ సెట్టు మొదటికి వస్తుంటే, స్టేషన్లు కూడా మరచిపోతుంటే వైర్లు చూడాలి. సాధారణంగా పసుపు తీగ బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందుకోవాలి, ఎర్ర తీగ తాళం తిప్పితేనే అందుకోవాలి, నల్లది ఎర్తు. పసుపు, ఎర్ర తారుమారైతే ఈ మతిమరుపు వస్తుంది. రెండూ కలిపి బ్యాటరీకి కడితే రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవచ్చు. ఫ్యూజు తీసి నేరుగా తీగ కలపడం మాత్రం ఎన్నడూ చేయకండి, మంటలు లేచేది అక్కడే.

యు.ఎస్.బి. లేని పాత సెట్లకు సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్.ఎం. పరికరం ఉంది. అది పాటను చిన్న రేడియో స్టేషనులా ప్రసారం చేస్తే సెట్టు అందుకుంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఆకాశవాణి 101.9, 102.8 ల వంటి స్టేషన్లకు దూరంగా ఖాళీ చోటు వెతికి పెట్టుకుంటే గరగర తగ్గుతుంది. ఆక్స్ తీగ పెట్టే చోటుంటే దీనికంటే అదే మేలు. బ్లూటూత్‌లో సాధారణంగా ఫోను పాటను విప్పి, మళ్లీ ఇంకో పద్ధతిలో కుదించి పంపుతుంది. అంటే పెట్టెను దారిలో మరోసారి సర్దినట్టు. మంచి ఫైలుకు తేడా తెలియదు, ముందే నలిగిన ఫైలుకు తెలుస్తుంది.

ఇంకొక మాట. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. పాట వెతకడానికి మూడు సెకన్లు తల దించితే 80 మీటర్ల పైన కళ్లు మూసుకుని నడిపినట్టే. వరుస ఇంటి దగ్గరే పెట్టుకుని బయలుదేరండి.

పాత క్యాసెట్‌ను కారులోకి తేవడం

మీ దగ్గర హాస్టల్ పాటల క్యాసెట్ గానీ, అమ్మ పాడిన బతుకమ్మ పాట గానీ ఉంటే ఇలా చేయండి. క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే దాని మీద పొరపాటున రికార్డు కాదు. ప్లేయరు హెడ్డును స్పిరిట్‌తో తుడవండి. ప్లేయరు నుంచి కంప్యూటరు లైన్ ఇన్‌కు తీగ కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి ప్రోగ్రాముతో 44,100 కొలతలు, 16 బిట్ల వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. శబ్దం సూచిక ఎరుపులోకి పోకుండా చూడండి.

గంట క్యాసెట్‌కు సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. 32 జి.బి. పెన్‌డ్రైవ్‌లో అట్టివి యాభై దాకా పడతాయి. 2009 లో చోటు కరువు కాబట్టి కుదించారు, ఇప్పుడు ఆ కరువు లేదు. ఈ వేవ్ ఫైలును రెండు వేర్వేరు చోట్ల దాచండి. కారు కోసం దానినుంచి 192 కిలోబిట్ల ఎం.పి.3 తీసుకోండి. ఎండలో ఆ పెన్‌డ్రైవ్ పాడైనా, పోయినా మరొకటి చేసుకోవచ్చు. ఎం.పి.3 ప్రయాణానికి, అసలు రికార్డు ఇంటికి. క్యాసెట్‌ను మాత్రం పారేయకండి.

మా తమ్ముడు కొత్త సెట్టు కొనలేదు. ఆ పదిహేను వేలు పిల్లల ఫీజుకు కట్టాడు. పాటను మాత్రం ఇప్పటికీ ఆ పాత సెట్టులోనే వింటున్నాడు.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. 2003 వార్షికోత్సవం రాత్రి స్టేజీ ముందు రెండు టేప్ రికార్డర్లు పెట్టినట్టు నాకు బాగా గుర్తు. ఒకటి మా తమ్ముడి వాళ్లది. రెండోది పదో తరగతి అన్నలలో ఎవరిదో తీసుకొచ్చారు. ఆ క్యాసెట్ మీలో ఎవరి ఇంట్లోనైనా, ఏ పాత ట్రంకు పెట్టె అడుగునైనా ఉండవచ్చు. ఒకసారి వెతకండి. దొరికితే దాని మీద ఏమీ రికార్డు చేయకుండా, ఏ దుకాణానికీ ఇవ్వకుండా ముందుగా హాస్టల్‌కు కబురు పంపండి. ప్లేయరు, తీగలు తీసుకుని నేనే మీ ఇంటికి వస్తాను. వంట పెద్దాయన గొంతు మన దగ్గర ఉంది. ఆ డప్పు కూడా దొరికితే వచ్చే వార్షికోత్సవంలో అందరం కలిసి విందాం.